పని తగ్గిన పండుగ: గుంటూరు, విజయవాడ ఇళ్ళలో క్రిస్మస్ మారుతున్న తీరు

సంక్షిప్తంగా: తెలుగు క్రైస్తవ కుటుంబాల్లో క్రిస్మస్ ఆచారాలు మారిపోవడానికి భక్తి తగ్గడమో, పడమటి దేశాల పోకడ పెరగడమో కారణమని తరచుగా చెప్పుకుంటారు. కృష్ణా డెల్టా, పల్నాడు ప్రాంతాల తీరును గమనిస్తే అసలు కారణాలు వేరే చోట కనిపిస్తాయి. డబ్బు చేతికి అందే వేళ మారింది, ఇంటి వైశాల్యం మారింది, సెలవుల పట్టిక మారింది, నలుగురు చేతులు కలిపితే తప్ప జరగని పనులు దుకాణానికి వెళ్ళిపోయాయి. ఆరాధన వేళలు చాలావరకు నిలిచే ఉన్నాయి. కరిగిపోయినది ఆరాధనకు ముందు రెండు మూడు వారాల పాటు ఇంట్లో సాగే పని.

డిసెంబర్ మొదటి వారానికి విజయవాడ బీసెంట్ రోడ్డులో, గుంటూరు పట్నం బజారులో దుకాణాల ముందు నక్షత్రాలు వేలాడటం మొదలవుతుంది. అదే వారంలో ఇళ్ళలో ఒక మాట కూడా మొదలవుతుంది: ఇప్పటి క్రిస్మస్ మునుపటిలా లేదని. అరవై దాటినవారు ఆ మాట అనడంలో వింత లేదు గానీ, ముప్ఫై ఏళ్ళవారు కూడా అదే అంటున్నారు. ఏం మారిందని అడిగితే మాత్రం జవాబులకు పొంతన ఉండదు. ఒకరు క్యారల్స్ అంటారు, ఒకరు అరిసెలు అంటారు, ఇంకొకరు ఇరవై ఐదో తేదీ వచ్చేసరికే పండుగ అయిపోయినట్టు ఉంటోందని అంటారు. ఈ మూడు ఫిర్యాదులకూ కారణాలు వేరు వేరు.

పాతది ఎంత పాతది?

అమెరికన్ లూథరన్ మిషనరీ జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యర్ 1842 జులై 31న గుంటూరు చేరాడు. అంతకు ఏడాది ముందు, 1841లో, చర్చి మిషనరీ సొసైటీ తరఫున రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ మచిలీపట్నంలో దిగారు. వీరందరికంటే ముందే ఫిరంగిపురం, పాటిబండ్ల వంటి ఊళ్ళలో కతోలిక కుటుంబాలు ఉండేవి. ఒంగోలు వైపు నుంచి బాప్టిస్టులు, బాపట్ల ప్రాంతంలో సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థవారు తరువాత చేరారు. కాబట్టి పాత గుంటూరు, కృష్ణా జిల్లాల క్రిస్మస్‌కు మొదటి నుంచీ ఒకే మూలం లేదు, ఒకే పద్ధతీ లేదు.

ఆ మిషనరీలు తమతో తెచ్చినది కూడా ఈనాడు పాశ్చాత్య క్రిస్మస్ అనగానే గుర్తొచ్చే రూపం కాదు. లండన్‌లో హెన్రీ కోల్ తొలి క్రిస్మస్ కార్డును అమ్మకానికి అచ్చు వేయించినది 1843లో. అప్పటికి హయ్యర్ గుంటూరులో ఏడాదికి పైగా గడిపి ఉన్నాడు. విక్టోరియా రాణి కుటుంబం అలంకరించిన చెట్టు చుట్టూ నిలబడిన బొమ్మ ఒక లండన్ పత్రికలో పడినది 1848లో. ఇంగ్లండ్ మధ్యతరగతి ఇళ్ళలోకి చెట్టు బాగా వ్యాపించినది ఆ తరువాతే. అమెరికా కేంద్ర ప్రభుత్వం క్రిస్మస్‌ను సెలవు దినంగా గుర్తించినది 1870లో. అంతకు రెండు శతాబ్దాల ముందు మసాచుసెట్స్‌లోని ప్యూరిటన్లు క్రిస్మస్ చేసుకున్నవారికి జరిమానా వేసే చట్టాన్ని 1659 నుంచి 1681 వరకు నడిపారు. ఎక్కడో ఒకచోట స్థిరంగా, చెక్కు చెదరకుండా ఉన్న అసలైన క్రిస్మస్‌ను తెలుగు కుటుంబాలు కాపాడుకోలేకపోయాయన్న భావన ఈ తేదీల ముందు నిలవదు.

తెలుగు ఇళ్ళు చేసినది మరొకటి. ఆరాధనను చర్చి నుంచి తీసుకున్నాయి గానీ, ఇంటి పండుగను మాత్రం తమకు తెలిసిన సంక్రాంతి పద్ధతిలోనే కట్టుకున్నాయి. గోడలకు వెల్ల వేయడం, కొత్తబట్టలు కుట్టించడం, పిండివంటలు వండడం, కూతురినీ అల్లుడినీ పిలవడం, ఇరుగుపొరుగు ఇళ్ళకు పళ్ళెం పంపడం, ఇవన్నీ సంక్రాంతి మెట్లే. మూడు వారాల ముందు ఎక్కుతారు, అంతే. భోగిమంట, గొబ్బెమ్మలు వదిలేశారు. ముగ్గును వదలడం మాత్రం అందరి వల్లా కాలేదు. ఇప్పటికీ చాలా వాకిళ్ళలో చుక్కల ముగ్గు మధ్యలో నక్షత్రం, కింద రంగుల్లో క్రిస్మస్ శుభాకాంక్షలు కనిపిస్తాయి. డిసెంబర్ 16 ప్రాంతంలో ధనుర్మాసం మొదలవుతుంది కనుక, ఊళ్ళో ఒక వైపు రామాలయం మైకు, మరో వైపు చర్చి మైకు ఒకే తెల్లవారుజామున మోగే నెల ఇది.

కోత డబ్బు, జీతం డబ్బు

బెజవాడ దగ్గర కృష్ణపై ఆనకట్ట 1855లో పూర్తయిన తరువాత డెల్టా వరి ప్రాంతంగా స్థిరపడింది. సార్వా, అంటే వానాకాలపు వరి, కోతలు, కుప్ప నూర్పిళ్ళు నవంబర్, డిసెంబర్ నెలల్లో పడతాయి. ఆ ప్రాంతపు క్రైస్తవ కుటుంబాల్లో ఎక్కువమంది భూమిలేని వ్యవసాయ కూలీలు. ఏడాది మొత్తంలో వారి ఇళ్ళలో గింజ కనిపించే రోజులు, చేతిలో నాలుగు రూపాయలు ఆడే రోజులు సరిగ్గా క్రిస్మస్ ముందు వచ్చేవి. వరి కూలీ ఇంట క్రిస్మస్ అంత బలంగా వేళ్ళూనుకోవడానికి ఈ కలయిక ముఖ్యమైన కారణం. కోత కూలి గింజల్లో వచ్చినప్పుడు ఆ బియ్యమే నానబోసి, దంచి అరిసెలు వండేవారు. పండుగ ఖర్చు కోసం విడిగా డబ్బు వెతుక్కోవలసిన అవసరం తక్కువగా ఉండేది.

మిరప పండే ఊళ్ళ లెక్క వేరు. పల్నాడు వైపు పత్తి తీతలు డిసెంబర్‌లో సాగుతూ ఉంటాయి గానీ మిర్చి కోతలు ప్రధానంగా జనవరి తరువాతే ఊపందుకుంటాయి. గుంటూరు మిర్చి యార్డుకు సరుకు పోటెత్తేది ఫిబ్రవరి నుంచి. అందువల్ల మిరప కూలి మీద ఆధారపడిన ఇంట్లో క్రిస్మస్ ఖర్చు చాలాసార్లు ముందుగా తీసుకున్న అడ్వాన్సు మీద నడుస్తుంది, ఈస్టర్ నాటికి ఆ ఇల్లు కాస్త తేరుకుంటుంది. ఒకే పాత గుంటూరు జిల్లాలో వరి పండే తెనాలి వైపు క్రిస్మస్, మిరప పండే సత్తెనపల్లి వైపు క్రిస్మస్ ఒకేలా కనిపించకపోవడానికి చర్చి సంఘాల తేడా కంటే ఈ పంటల తేడా ఎక్కువ కారణమని చెప్పవచ్చు.

వరికోత యంత్రాలు వచ్చాక డెల్టాలోనూ ఈ లెక్క తప్పింది. నెలల తరబడి సాగే కోత పని రోజుల్లోకి కుదించుకుపోయింది. మరో వైపు అదే కుటుంబాల రెండో తరం, మూడో తరం ఉపాధ్యాయులుగా, నర్సులుగా, రైల్వే ఉద్యోగులుగా, ప్రైవేటు కంపెనీల సిబ్బందిగా మారింది. జీతం ఒకటో తేదీన వస్తుంది. క్రిస్మస్ ఇరవై ఐదున వస్తుంది. జీతగాడి ఇంట్లో పండుగ నెలాఖరులో పడటం అంటే ఖర్చు చేయడానికి అన్నిటికంటే అనువుకాని వేళ అది. అందుకే బట్టలు, నక్షత్రం, రంగులు, సరుకులు అన్నీ డిసెంబర్ మొదటి వారంలోనే కొనేస్తారు. విజయవాడ వస్త్రలతలో, వన్ టౌన్ దుకాణాల్లో క్రిస్మస్ బేరం నెల ఆరంభంలోనే కదలడానికి వెనుక ఉన్నది ఈ జీతాల తేదీ. కొన్న కొత్తబట్ట మూడు వారాలు బీరువాలో ఆగదు. ఏదో ఒక కార్యక్రమానికి కట్టుకుంటారు. పండుగ ముందుకు జరగడంలో మొదటి అడుగు ఇదే.

ఈ ఖాళీని పూడ్చడానికి పుట్టినదే పండుగ చీటీ. జనవరి నుంచి నెలకింత చొప్పున ఒక మహిళ దగ్గర కట్టుకుంటూ పోతే డిసెంబర్‌లో డబ్బుగానో, నూనె, బెల్లం, పప్పుల మూటగానో తిరిగి వస్తుంది. చర్చిలోని స్త్రీల సమాజం కూటాల్లో పరిచయమైన వారి మధ్య నమ్మకం మీద నడిచే ఏర్పాటు ఇది. నడిపే మనిషి మాట తప్పితే ఆ వీధి వీధంతా పండుగ తప్పుతుంది. 2014-19 మధ్య రాష్ట్ర ప్రభుత్వం రేషన్ దుకాణాల ద్వారా ఇచ్చిన చంద్రన్న క్రిస్మస్ కానుకలోనూ సంక్రాంతి కానుకలో లాగే బెల్లం, నెయ్యి, నూనె, పప్పు వంటి సరుకులు ఉండేవి. పండుగ పేర్లు రెండైనా వంటిల్లు ఒకటేనని సరుకుల జాబితా కట్టినవారు గుర్తించారనుకోవాలి.

పిండివంట అసలు ఏం చేసేది?

ఆచారాల్లో అన్నిటికంటే త్వరగా ఇంటిని విడిచిపెట్టినవి పిండివంటలు. ఈ మార్పును రుచి కోణంలో చూస్తే విషయం అందదు, పని కోణంలో చూడాలి.

అరిసెలు తీసుకుంటే బియ్యం ఒక రోజంతా నానాలి, నీరు ఓడ్చి తడి ఆరకముందే పిండి కొట్టాలి. పొడిపిండి పనికిరాదు. ఒకరు బెల్లం పాకం చూస్తుంటారు. నీళ్ళలో వేసిన చుక్క మెత్తని ఉండ కట్టే క్షణం దాటితే అరిసె రాయి అవుతుంది, ముందే దించితే నూనెలో విడిపోతుంది. పాకంలో పిండి పోస్తూ ఉంటే ఇంకొకరు ఆపకుండా కలపాలి. తరువాత ఒకరు తడతారు, ఒకరు వేయిస్తారు, ఒకరు రెండు గరిటెల మధ్య నూనె వత్తుతారు. ముగ్గురికి తక్కువైతే ఈ వంట సాగదు.

గులాబీ పువ్వుల సంగతి మరీ విచిత్రం. మైదా, బియ్యప్పిండి, పంచదార, గుడ్డు, కొబ్బరిపాలు, కాస్త యాలకుల పొడి కలిపి గరిట జారుగా చేస్తారు. పొడవాటి కమ్మీ చివర పువ్వు ఆకారంలో ఉన్న ఇనుప అచ్చును ముందుగా కాగే నూనెలోనే ఉంచి వేడెక్కనివ్వాలి. వేడెక్కిన అచ్చును పిండిలో ముప్పావు వంతు మాత్రమే ముంచాలి. పై అంచు దాటి మునిగిందా, పిండి అచ్చును పూర్తిగా మూసేస్తుంది, పువ్వు ఊడిరాదు. చల్లగా ఉన్న అచ్చుకు పిండి అసలే పట్టదు. సరిగ్గా కుదిరినప్పుడు నూనెలో ముంచిన కొద్ది సేపటికి అచ్చును చిన్నగా తాడిస్తే పువ్వు తనంతట తానే జారి తేలుతుంది. మొదటి రెండు మూడు పువ్వులు దాదాపు ఎప్పుడూ విరుగుతాయి, అవి పొయ్యి చుట్టూ కూర్చున్న పిల్లల వాటా. ఈ వంటలో నేర్చుకోవలసినది కొలతలు కావు, నూనె వేడినీ, చేయి తాడింపునూ పట్టుకోవడం. ఎదుట కూర్చుని చూస్తే తప్ప అది రాదు. అందుకే అత్త దగ్గర కోడలు, అమ్మ దగ్గర కూతురు గంటల తరబడి కూర్చునేవారు. ఊళ్ళో ఎవరెవరు ఎట్లా ఉన్నారు, ఎవరి సంబంధం ఎంతవరకు వచ్చింది, ఏ పొలం తగాదా ఎక్కడ తేలింది అన్న కబుర్లన్నీ ఆ పొయ్యి దగ్గరే నడిచేవి. కుటుంబ చరిత్ర పిల్లల చెవిన పడే చోటు కూడా అదే.

ఇప్పుడు అరిసెలు, గులాబీ పువ్వులు, జంతికలు, కజ్జికాయలు అన్నీ కిలోల లెక్కన దొరుకుతున్నాయి. స్వగృహ దుకాణాల్లో దొరికే అరిసె చాలా ఇళ్ళలో చేసినదానికంటే బాగుంటుందన్నది నిజం. రెండు పడకగదుల అపార్టుమెంటులో కట్టెల పొయ్యి పెట్టే పెరడు లేదు, పెద్ద మూకుడు పట్టే స్టవ్ లేదు, వారం పాటు సెలవు దొరికే మనిషి లేదు. ఈ స్థితిలో కొనడం సహజమైన నిర్ణయమే. వంటకం పళ్ళెంలోకి అలాగే వచ్చింది. దాని చుట్టూ కుదిరే కూడిక మాత్రం రాలేదు. పాత క్రిస్మస్ లేదన్న ఫిర్యాదులో ఎక్కువ పాలు ఈ కూడికకు సంబంధించినదే.

కేకు చరిత్ర దీనికి తిరగబడిన కథ. ఓవెన్ లేని ఇళ్ళలో కేకు ఒకప్పుడు బేకరీ సరుకు. తరువాత కుక్కరు అడుగున ఇసుక గానీ ఉప్పు గానీ పరిచి, గాస్కెట్టు, విజిలు తీసేసి, లోపల గిన్నె పెట్టి, సన్నని సెగ మీద ముప్పావు గంట ఉంచి కేకు చేసే పద్ధతి ఇల్లిల్లూ పాకింది. ఇప్పుడు చిన్న ఓవెన్లు చవకయ్యాక, ఫోనులో చూసి నేర్చుకునే వీలు కలిగాక, పిండివంట మానేసిన ఇళ్ళే కేకును ఇంట్లో చేసుకుంటున్నాయి. కేకు ఒక్కరు చేయగల వంట కావడమే ఇందులో కీలకం. ఇంట్లో చేతులు తగ్గిన కొద్దీ ఒంటి చేత్తో అయ్యే వంటలు నిలబడతాయి, మిగతావి బజారు దారి పడతాయి.

మధ్యాహ్నం భోజనం గురించి ఎక్కువ చెప్పనక్కర లేదు. నాటుకోడి కూర, గారెల స్థానంలోకి బిర్యానీ వచ్చింది. కొన్ని ఇళ్ళలో అది కూడా బయటి నుంచే వస్తుంది.

వెదురు బద్ద నుంచి ప్లాస్టిక్ దాకా

నక్షత్రం తయారీ మగపిల్లల పని. వెదురును సన్నని బద్దలుగా చీల్చి, రెండు నక్షత్రపు చట్రాలు కట్టి, మధ్యలో అడ్డుపుల్లలు పెట్టి ఉబ్బెత్తుగా చేసి, మైదా ఉడికించిన జిగురుతో రంగు కాగితం అతికించేవారు. కరెంటు రాని చోట్ల లోపల చిన్న దీపం, వచ్చిన చోట్ల బల్బు. మంచుకు కాగితం జారిపోతే మళ్ళీ అతికించడం, గాలికి బద్ద విరిగితే మళ్ళీ కట్టడం డిసెంబర్ అంతా సాగేది. చెట్టు కోసం సరుగుడు కొమ్మ తెచ్చేవారు. బాపట్ల, నిజాంపట్నం తీరపు ఇసుక నేలల్లో సరుగుడు తోటలు విస్తారంగా ఉండటం వల్ల ఈ జిల్లాల్లో తేలికగా దొరికే సూదుల్లాంటి ఆకుల చెట్టు అదే. జర్మనీ వారి ఫర్ చెట్టుకు గుంటూరు ఇచ్చిన జవాబు సరుగుడు అన్నమాట. దాని మీద మంచు కోసం దూది అంటించేవారు. మంచు ఎప్పుడూ చూడని పిల్లలు దూదిని ఎంత మందంగా అంటించాలో వాదించుకునేవారు కూడా.

ప్లాస్టిక్ చెట్టు, ఎల్‌ఈడీ నక్షత్రం ఈ పనిని రద్దు చేశాయి గానీ ఒక కొత్త ఆచారాన్ని తెచ్చాయి. ప్లాస్టిక్ చెట్టు ఏటా వాడుకునే వస్తువు. జనవరిలో విప్పి అట్టపెట్టెలో పెట్టి అటక మీదకు ఎక్కిస్తారు, డిసెంబర్‌లో దింపుతారు. దింపిన రోజున పెట్టెలో నుంచి పాత గంటలు, రంగు వెలిసిన దండలు, కిందటేడు రాసిన పేర్ల చీటీలు బయటపడతాయి. సరుగుడు కొమ్మ ఎండిపోయి పొయ్యిలోకి వెళ్ళేది, దానికి జ్ఞాపకం ఉండేది కాదు. కొన్న వస్తువుతో ఆచారం నశిస్తుందన్న సూత్రం అన్నిచోట్లా పనిచేయదని ఈ అట్టపెట్టె చూపిస్తుంది.

రాత్రి పాట, పది గంటల నిబంధన

క్యారల్స్ బృందాలు ఒకప్పుడు పెట్రోమాక్స్ లైటు, డోలక్, తాళాలు, హార్మోనియంతో రాత్రి భోజనాల తరువాత బయలుదేరి తెల్లవారేదాకా తిరిగేవి. సంఘంలోని ప్రతి ఇంటికీ వెళ్ళాలి, వెళ్ళిన ప్రతి ఇంట్లో ఒక పాట, ఒక ప్రార్థన, టీ. అర్ధరాత్రి నిద్రలేచి తలుపు తీయడం, మొహం కడుక్కోకుండానే వరండాలో నిలబడి పాట వినడం ఆ ఆచారంలోని అందం.

2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనలు రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు బహిరంగ ప్రదేశాల్లో లౌడ్‌స్పీకర్ల వాడకాన్ని నిషేధించాయి. ఏడాదిలో మొత్తం పదిహేను రోజులకు మించకుండా అర్ధరాత్రి పన్నెండు వరకు సడలింపు ఇచ్చే అధికారం రాష్ట్రాలకు ఉంది. అసలు క్యారల్స్‌కు మైకు అవసరమే లేదు, డోలక్‌తో పాడిన రోజుల్లో ఈ ప్రశ్న తలెత్తేది కాదు. వ్యాను మీద కీబోర్డు, స్పీకరు పెట్టుకుని తిరగడం అలవాటయ్యాక మాత్రం నిబంధన అడ్డొచ్చింది. ఫలితంగా క్యారల్స్ సాయంత్రం ఆరు నుంచి పదిలోపు కుదించుకున్నాయి. నగరంలో సంఘ సభ్యులు ఒకే వీధిలో ఉండరు. ఒకరు పటమటలో, ఒకరు భవానీపురంలో, ఒకరు కృష్ణకు అవతల ఉండవల్లిలో ఉంటే నాలుగు గంటల్లో పది ఇళ్ళు తిరగడమే గగనం. అందుకని ఇంటింటికీ వెళ్ళడం మాని, ఒక ప్రాంతంలో ఒక ఇంటిని ఎంచుకుని చుట్టుపక్కల కుటుంబాలను అక్కడికే రమ్మంటున్నారు. పాట ఇంటికి వచ్చే ఆచారం, ఇల్లు పాట దగ్గరికి వెళ్ళే ఆచారంగా మారింది. అపార్టుమెంటు కాపలాదారు దగ్గర ముందే చెప్పి ఉంచడం ఇప్పటి క్యారల్స్ ఏర్పాట్లలో ఒకటి.

సెమీ క్రిస్మస్: పండుగకు ముందు పండుగ

బయటి ప్రాంతాల క్రైస్తవులకు వింతగా తోచే మాట సెమీ క్రిస్మస్. డిసెంబర్ మొదటి వారం నుంచి ఇరవై మూడు దాకా కళాశాలల్లో, కార్యాలయాల్లో, ఆసుపత్రుల్లో, రాజకీయ పార్టీల ఆఫీసుల్లో, చివరికి అపార్టుమెంటు సంఘాల్లో కేకు కోసి, కొవ్వొత్తులు వెలిగించి, క్రిస్మస్ తాతను రప్పించి జరిపే కార్యక్రమం ఇది. దీని పుట్టుక సెలవుల పట్టికలో ఉంది. ఆంధ్రప్రదేశ్ పాఠశాలల క్యాలెండర్‌లో సంక్రాంతి సెలవులు అందరికీ వర్తిస్తాయి. క్రిస్మస్‌కు వారానికి పైబడిన సెలవులు మిషనరీ పాఠశాలలకు మాత్రమే ఉంటాయి, మిగతా బడులకు ఇరవై ఐదు ఒక్కటే. ఆంధ్ర క్రైస్తవ కళాశాల, ఆంధ్ర లయోలా, మారిస్ స్టెల్లా వంటి సంస్థలు పండుగకు ముందే మూతపడతాయి కనుక విద్యార్థులు వెళ్ళిపోయే లోపు వేడుక చేయాలి. ఇతర సంస్థల్లో పండుగ రోజు ఎవరూ ఉండరు కనుక అక్కడా ముందే చేయాలి. రాష్ట్ర విభజన తరువాత ప్రభుత్వ యంత్రాంగం విజయవాడకు చేరడంతో ప్రభుత్వ తేనీటి విందు, శాఖల వేడుకలు, సంఘాల సమావేశాలు కూడా ఈ జాబితాలో కలిశాయి.

సెమీ క్రిస్మస్ చేసిన మేలు స్పష్టమే. హిందూ, ముస్లిం సహోద్యోగులు పాలుపంచుకునే వేడుక అదే. పండుగ రోజున ఇంటికి పిలిస్తే రాలేనివారు ఆఫీసులో కేకు ముక్క తింటారు. ఇంటి పండుగ మీద దాని ప్రభావం మాత్రం వేరు. తండ్రి ఆఫీసులో ఒకటి, తల్లి పనిచేసే ఆసుపత్రిలో ఒకటి, పిల్లల బడిలో ఒకటి, కాలనీలో ఒకటి, సండే స్కూల్‌లో ఒకటి, యౌవనస్థుల కూటంలో ఒకటి. ఇరవై నాలుగో తేదీకి ఆ ఇంట్లోవారు ఆరు కేకులు తిని ఉంటారు, కొత్తబట్టలు రెండు మూడు సార్లు కట్టి ఉంటారు, అవే పాటలు పదిసార్లు పాడి ఉంటారు. లూథరన్, సీఎస్‌ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా), కతోలిక సంఘాలు పాటించే ఆగమన కాలం అసలు ఎదురుచూపు కోసం ఉద్దేశించినది. నాలుగు ఆదివారాలు ఆగి, అయిదో మెట్టు మీద పండుగను కలుసుకోవాలన్నది దాని ఏర్పాటు. సెమీ క్రిస్మస్ ఆ ఎదురుచూపును వేడుకగా మార్చేసింది. ఇరవై ఐదు వచ్చేసరికి పండుగ అయిపోయినట్టు ఉంటోందన్న మాటకు మూలం ఇక్కడ ఉంది.

ఒకే ఇంట్లో రెండు మూడు వేళలు

కతోలికులకు ఇరవై నాలుగు అర్ధరాత్రి పూజ, పశువుల పాక బొమ్మల కొలువు ముఖ్యం. లూథరన్, సీఎస్‌ఐ, బాప్టిస్టు ఊళ్ళలో చాలాచోట్ల ఇరవై ఐదు తెల్లవారుజామున గంట కొడతారు, చలిలో స్నానాలు చేసి వెళతారు. స్వతంత్ర ప్రార్థనా మందిరాలు తమ తమ వేళలు పెట్టుకుంటాయి. బ్రదరన్ అనే శాఖకు చెందిన కొన్ని సహవాసాలు బైబిల్లో చెప్పని పండుగ అంటూ క్రిస్మస్‌ను ప్రత్యేకంగా ఆచరించవు. పెళ్ళిళ్ళు సంఘాల గీత దాటి జరుగుతున్న కొద్దీ ఈ తేడాలన్నీ ఒకే ఇంట్లో కలుస్తున్నాయి. కతోలిక కోడలు అర్ధరాత్రి పూజ చూసుకుని వచ్చి, రెండు గంటలు కునుకు తీసి, అత్తింటివారితో తెల్లవారుజాము ఆరాధనకు బయలుదేరడం అరుదైన సంగతి కాదు.

దీనికి తోడు మతాల గీత కూడా చాలా కుటుంబాల మధ్య నుంచి పోతుంది. 1950 రాజ్యాంగ (షెడ్యూల్డ్ కులాల) ఉత్తర్వు ప్రకారం హిందువులకు, తరువాతి సవరణలతో సిక్కులకు, బౌద్ధులకు మాత్రమే ఎస్సీ హోదా వర్తిస్తుంది. ఎస్సీల్లో క్రైస్తవంలోకి మారినవారు రాష్ట్రంలో వెనుకబడిన తరగతుల జాబితాలోని బీసీ-సీ కిందికి వస్తారు. 2011 జనగణనలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో క్రైస్తవుల వాటా 1.34 శాతంగా నమోదైంది. జనగణన లెక్కకూ, ఇరవై ఐదో తేదీ ఉదయం నక్షత్రం వెలిగే ఇళ్ళకూ మధ్య తేడాపై వాదాలు ఎన్నో ఉన్నాయి. ఆచారాల కోణంలో చెప్పుకోవలసినది ఒకటే: అన్నదమ్ముల్లో ఒకరు చర్చికి, ఒకరు గుడికి వెళ్ళే కుటుంబాల్లో అందరూ కలిసేది ఆరాధనలో కాదు, మధ్యాహ్నం భోజనం దగ్గర. అటువంటి ఇళ్ళలో పిండివంటలు, బట్టలు, భోజనం ఆచారంలో పెద్ద భాగం అవుతాయి, తరువాత సంక్రాంతికి అదే బంధువర్గం మళ్ళీ చేరుతుంది.

పది గంటల ముప్ఫై నిమిషాల దూరం

మిషన్ ఆసుపత్రుల నర్సింగ్ శిక్షణ ఈ జిల్లాల నుంచి ఎందరినో గల్ఫ్‌కు, ఐరోపాకు, అమెరికాకు పంపింది. గుంటూరులో డాక్టర్ అన్నా కుగ్లర్ 1898లో ప్రారంభించిన ఆసుపత్రి ఆ పరంపరలో తొలి మెట్లలో ఒకటి. తరువాత ఇంజినీర్లు ఆ దారి పట్టారు. గుంటూరులో డిసెంబర్ 25 ఉదయం ఆరు గంటలంటే న్యూయార్కులో ఇరవై నాలుగు సాయంత్రం ఏడున్నర. ఇక్కడ ఆరాధన ముగించుకుని వచ్చి ఫోను తెరిస్తే అక్కడ చెట్టు కింద పిల్లలు కనిపిస్తారు. కువైట్‌లో ఆ రోజు సెలవు కాదు కనుక అక్కడి కుటుంబం అంతకుముందు వచ్చిన శుక్రవారమే ఆరాధన, విందు కానిచ్చేస్తుంది. 2020లో కోవిడ్ కారణంగా మొదలైన ప్రత్యక్ష ప్రసార ఆరాధనలు ఆంక్షలు ఎత్తేసిన తరువాత కూడా ఆగలేదు, దూరంలో ఉన్నవారు తమ సొంత సంఘం బల్లను, సొంత పాస్టరుగారి గొంతును చూసుకునే దారి అదే అయింది. గ్రీటింగ్ కార్డులు వాట్సాప్ దెబ్బకు దాదాపు అంతరించాయి.

దూరం తెచ్చిన మరో మార్పు పెద్దల ఇంటి హోదాలో కనిపిస్తుంది. ఒకప్పుడు తాత ఇల్లు ఉన్న ఊరే పండుగ ఊరు. రైలు టికెట్లు, సెలవులు చూసుకుంటే సంక్రాంతికి ఊరు వెళ్ళడం తేలిక, క్రిస్మస్‌కు కష్టం. ఒక్క రోజు సెలవుతో హైదరాబాదు నుంచి వచ్చి వెళ్ళేకంటే, పెద్దవారినే విజయవాడలోనో హైదరాబాదులోనో ఉన్న కొడుకు ఇంటికి తెచ్చుకుంటున్నారు. పెద్దవారు రావడంతోపాటు కూడికా కదులుతుంది, ఊళ్ళోని సంఘం మాత్రం ఆ రోజు పలచబడుతుంది. అందుకే చాలా ఊళ్ళలో కోత పండుగను, వార్షిక కూటాలను అందరూ రాగల తేదీలకు మార్చుకుంటున్నారు.

ఇకముందు ఏది ఎటు పోవచ్చు?

ఇప్పటివరకు కనిపించిన తీరును బట్టి కొన్ని అంచనాలు వేయవచ్చు. నిర్ణీత వేళ మీద నిలబడిన ఆచారాలు, అంటే అర్ధరాత్రి పూజ, తెల్లవారుజాము ఆరాధన, డిసెంబర్ 31 రాత్రి జాగరణ కూటం, గట్టిగా ఉంటాయి. వాటికి కావలసింది మనిషి రావడం ఒక్కటే. సెమీ క్రిస్మస్‌లు ఇంకా పెరుగుతాయి, ఎందుకంటే వాటిని జరిపేది సంస్థలు, సంస్థలకు సెలవుల పట్టిక మారదు. ఇంటింటి క్యారల్స్ ఊళ్ళలో కొంతకాలం నిలిచినా, నగరంలో కొన్ని ఇళ్ళకే పరిమితమవుతాయి. పిండివంటలు బజారు చేతిలో ఉంటాయి గానీ, వాటిలో ఒకటి రెండు ఇంటికి తిరిగి వచ్చే సూచనలు ఉన్నాయి, ఆ తిరుగు దారి మాత్రం మునుపటిది కాదు.

దానికి ఉదాహరణగా మళ్ళీ గులాబీ అచ్చునే తీసుకోవచ్చు. అరిసెలకు ముగ్గురు కావాలి, పువ్వులకు ఇద్దరు చాలు, స్టవ్ మీద చిన్న మూకుడు సరిపోతుంది. అందువల్ల అపార్టుమెంటు వంటింట్లోనూ ఇది సాధ్యమవుతుంది. అచ్చు కొత్తది కొనవచ్చు, కానీ కొత్త అచ్చుకు పిండి అతుక్కుపోతుంది. నూనెలో ఏళ్ళు నలిగిన పాత అచ్చు నుంచి పువ్వు తేలికగా ఊడుతుంది. ఆ పాత అచ్చు ఒక్కో కుటుంబంలో ఒకటే ఉంటుంది. పెద్దామె పోయాక అది కూతుళ్ళలో, కోడళ్ళలో ఎవరో ఒకరి ఇంటికి చేరుతుంది. అటువంటి కుటుంబాల్లో ఇరవై మూడో తేదీ సాయంత్రం మిగతావారు పిండి కలుపుకుని, డబ్బాలు పట్టుకుని అచ్చు ఉన్న ఇంటికి వెళుతున్నారు. వేయించేది రెండు గంటలు, కూర్చునేది రాత్రి పదకొండు దాకా.